ఏరియేటర్ సామాన్ల కొట్టులో టొయోటా పద్ధతి

తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్ ఆగిందంటే రొయ్యలు తేలడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి సామాన్ల కొట్టు దగ్గర ముందు చూడాల్సింది అడిగిన పార్టు అప్పటికప్పుడు చేతికొస్తుందా లేదా అన్నదే. పదో పరకో తేడా తర్వాతి మాట.

భీమవరం నుంచి ఉండి వెళ్లే దారిలో ఉన్న ఈ కొట్టు చిన్నది. సరుకు కూడా పక్క కొట్లలో కన్నా తక్కువే. అయినా బేరింగో, ఆయిల్ సీలో (షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా, నీళ్లు దిగకుండా ఆపే రింగు) లేదనడం అరుదు. ప్రతి పార్టుకీ రెండు డబ్బాలు. ముందుది ఖాళీ అవగానే వెనకది ముందుకు జరిపి, దాని మీదున్న పసుపు అట్ట తీసి మేకుకి తగిలిస్తారు. సాయంత్రానికి ఆ మేకుకున్న అట్టలే ఆర్డరు చిట్టా. అమెరికా సూపర్‌మార్కెట్లలో అమ్ముడైనంతే మళ్లీ నింపే తీరు పట్టుకుని టొయోటాలో ఇంజనీరు టైచీ ఓనో నడిపించిన కాన్‌బాన్ పద్ధతి ఇదే.

వెనక డబ్బాలో ఎన్ని ఉండాలన్నదానికి లెక్కుంది. రోజుకి 6 సీళ్లు పోతాయి, సరుకు రావడానికి 4 రోజులు, అంటే 24. దానికి సగం కలిపి 36.

బాగా నచ్చింది కౌంటరు మీది చెక్క. దానికో ఇనుప కడ్డీ బిగించి ఉంటుంది, 25 మిల్లీమీటర్లకి వెంట్రుకవాసి తక్కువ. 6304, 6205 బేరింగులు రెండింటికీ బయటి వ్యాసం 52, మందం 15. లోపలి బెజ్జమే తేడా: ఒకదానికి 20, రెండోదానికి 25. పాతదాని మీద నంబరు తుప్పుకి చెరిగిపోతే కంటితో పోల్చలేం. కడ్డీ మీదకి దిగితే 6205, దిగకపోతే 6304. బెజ్జం శుభ్రంగా తుడవాలి, బురద పేరుకుంటే 6205 కూడా దిగదు. ఇలా తప్పు జరగకుండా ముందే కట్టే అడ్డుని జపాన్‌లో పోకా-యోకే అంటారు. ఆ తర్వాత కూడా, అక్కడి రైలు డ్రైవర్లు సిగ్నల్‌ని వేలితో చూపిస్తూ పైకి పలికినట్టు, కుర్రాడు డబ్బా మీద వేలు పెట్టి "ఆరు రెండు సున్నా అయిదు" అని చదివాకే బిల్లు రాస్తాడు.

సీలు అడిగితే "షాఫ్టు తెచ్చారాండీ?" అంటారు. షాఫ్టు మీద సీలు పెదవి, అంటే దాని లోపలి అంచు, రాసుకునే చోట గోరు పెట్టి లాగుతారు. గోరు పట్టిందంటే గాడి పడినట్టే, కొత్త సీలు కూడా కారుతుంది. గేర్‌బాక్సులోకి నీళ్లు దిగి ఆయిల్ పాలలా తెల్లబడితే ఆనక బేరింగులూ పోతాయి. బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకి రావాలని చెప్పి మరీ ఇస్తారు.

లోపమల్లా ఏడాది పొడుగునా ఒకే అట్ట, ఒకే లెక్క వాడటం. ఎండలకి నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, ఏరియేటర్లు ఎక్కువ గంటలు తిరుగుతాయి, సీళ్లు రోజుకి 15 పోతాయి. అప్పుడు 36 రెండున్నర రోజులకి కూడా రావు, సరుకేమో నాలుగో రోజుకి గానీ దిగదు. సంక్రాంతికి లారీలు ఆలస్యమైనా ఇదే ఇబ్బంది. వేరే లెక్కతో వేసవికో రంగు అట్ట, పండక్కో రంగు అట్ట పెడితే ఇది తీరిపోతుంది. అంతవరకూ మార్చిలోనే గేర్‌బాక్సుకి ఓ జత సీళ్లు, ఓ బేరింగు తెచ్చి షెడ్డులో పెట్టుకోండి.