ముక్కు ఎత్తి నడిపించే టగ్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

విమానాలను నేల మీద లాగే, నెట్టే బండి టగ్. దాన్ని విమానం ముందు చక్రానికి కలిపే పొడవాటి ఇనుప కడ్డీ టోబార్, మా మాటల్లో బార్. దానితో విమానాలను లాగిన రోజుల్లో, షిఫ్టు మొదలవగానే మా నోట వచ్చే మొదటి మాట ‘ఎ320 బార్ ఎక్కడుంది?’ అనేదే. అది ఎప్పుడూ అవతలి బేలోనే (విమానం నిలిపే చోటు) ఉండేది. ఎయిర్‌బస్ ఎ320 బార్ తల బోయింగ్ 737కు పట్టదు, చిన్న ఏటీఆర్ విమానానిది ఇంకొకటి. శంషాబాద్‌లో ఏడేళ్లు అలా బార్ల వెంట తిరిగాక నా చేతికి టోబార్ లేని టగ్ వచ్చింది. ఎనిమిదేళ్లు దాటింది. తయారీదారు పేరు చెప్పను, ఎందుకంటే నా ఫిర్యాదులు నేను నడిపిన ఒక్క బండి మీదివి.

బార్‌కు బదులు బండి వెనుక భాగంలో ఒక క్రేడిల్ ఉంటుంది. బండిని వెనక్కి నడిపి, విమానం ముందు చక్రాలు రెండూ అందులోకి వచ్చాక గేటు మూస్తాను. హైడ్రాలిక్ చేతులు చక్రాలను బిగించి, నేల మీద నుంచి కొద్దిగా ఎత్తుతాయి. పాత టగ్‌కు పట్టు దాని సొంత బరువుతోనే వచ్చేది, అందుకే దాన్ని ఇనుప దిమ్మెలతో నింపేవారు. ఇక్కడ విమానం ముందు కాలి మీది బరువు నా బండి చక్రాల మీదికి వస్తుంది. మొత్తం బరువులో అది పదో వంతు కన్నా తక్కువే, అయినా 70 టన్నుల విమానంలో ఆ వాటా కూడా కొన్ని టన్నులు. వానకు తడిసిన ఏప్రాన్ (విమానాలు నిలిపే చదును) మీద పాత టగ్ చక్రాలు జారడం చాలాసార్లు చూశాను. దీనితో ఆ బెంగ దాదాపు పోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వెనక్కి నెట్టడం. ఊళ్లో ట్రాక్టర్ నడిపినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు చక్రాల ట్రాలీని వెనక్కి నడపడం ఒక ఎత్తు, ముందు ఇరుసు కూడా తిరిగే నాలుగు చక్రాల ట్రాలీని నడపడం మరొక ఎత్తు. టోబార్ రెండో రకం. టగ్ దగ్గర ఒక కీలు, ముందు చక్రం దగ్గర ఇంకొక కీలు. ఒకటి సరిచేసేలోగా రెండోది వంకర పోతుంది. క్రేడిల్‌తో ఉండేది ఒక్కటే కీలు. నేను నేర్చుకోవడానికి నెలలు పట్టిన పని, కొత్త కుర్రాళ్లు వారాల్లో నేర్చుకున్నారు. కొంచెం అసూయ పడ్డాననే చెప్పాలి.

దీని అసలు విలువ తెలిసేది హ్యాంగర్ నుంచి బేకు ఖాళీ విమానాన్ని తెచ్చే రాత్రులలో. బార్‌తో నడక కన్నా కాస్త వేగంగా పోయేవాళ్లం. దీనితో అంతకు రెండింతల వేగం సులువుగా వస్తుంది, విమానం ఊగదు. కాక్‌పిట్‌లో బ్రేకుల దగ్గర కూర్చునే మనిషి మాత్రం తప్పనిసరి. కదిలే ముందు బ్రేక్ అక్యుములేటర్‌లో (ఇంజిన్లు ఆగి ఉన్నా బ్రేకులు పడేలా ప్రెషర్‌ను నిల్వ ఉంచేది) ప్రెషర్ ఉందో లేదో అతను చూసి చెప్పాలి. ఆ మాట వినకుండా నేను బండి కదపను.

ఇక బాధలు. టోబార్‌లో షియర్ పిన్ అని ఒకటి ఉంటుంది. లాగుడు హద్దు మీరితే అది ఠప్పున విరుగుతుంది. సూపర్‌వైజర్ తిట్టేవారు, కొత్త పిన్ను వేసేవాళ్లం, విమానం కాలు క్షేమంగా ఉండేది. ఇక్కడ విరగడానికి ఏమీ లేదు. హద్దును సెన్సర్లే చూసుకుంటాయి, హెచ్చరికగా ఒక బీప్ వస్తుంది. ఎ320 ముందు చక్రాన్ని బైపాస్ పిన్ను (విమానం సొంత స్టీరింగ్‌ను ఆపేది) పెట్టాక 95 డిగ్రీల దాకా తిప్పవచ్చు, 737ను టార్షన్ లింకులు (ముందు కాలి మీద కత్తెరలా ఉండే కీళ్లు) విడదీయకుండా 78 డిగ్రీల దాకానే. ఆ హద్దుల ఎర్ర గుర్తులు విమానం మీదే ఉంటాయి. హద్దు దాటితే ఇంజినీరు పరీక్షించే దాకా విమానం ఎగరకూడదు. బార్ ఉన్నప్పుడు బరువు పెరుగుతుంటే నా నడుముకు తెలిసేది. ఇప్పుడు సీటు మెత్తన, నడుముకు ఏమీ తెలియదు. కళ్లతో చూసుకోవలసిందే.

ఒక జూలై రాత్రి, గట్టి వాన. ప్రయాణికులతో నిండిన ఎ320ని నెట్టి, లైను మీద ఆపాను. ఇంజిన్లు నడుస్తున్నాయి, పార్కింగ్ బ్రేక్ వేశారు. చక్రాన్ని దించి గేటు తెరవమని మీట నొక్కాను. గేటు తెరుచుకోలేదు, పచ్చ దీపం వెలగలేదు. మళ్లీ నొక్కాను. హెడ్‌సెట్ పెట్టుకున్న కుర్రవాడు ‘అన్నా, కెప్టెన్ అడుగుతున్నారు’ అన్నాడు. ఇంజిన్లు తిరుగుతుండగా ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చోలేం. రెండూ ఆపమని చెప్పించి, చేతి పంపుతో కొట్టి గేటు తెరిచాం. మొత్తం పాతిక నిమిషాలు పట్టింది. మరునాడు విప్పి చూస్తే సెన్సర్ కనెక్టర్‌లో బురద నీళ్లు. వేలెడంత ముక్క! టోబార్ అయితే కొక్కెం తీసి పక్కకు లాగేసేవాళ్లం.

అప్పటి నుంచి షిఫ్టుకు రెండుసార్లు సెన్సర్లను పొడి గుడ్డతో తుడుస్తున్నాను. క్రేడిల్ ప్యాడ్ల అరుగుదల, గొట్టాల దగ్గర నూనె చెమ్మ కూడా చూస్తాను. టైర్లు తొందరగా అరిగిపోతాయి. నాది డీజిల్ బండి కాబట్టి బ్యాటరీ బండ్ల గురించి మాట్లాడను.

ఢిల్లీలో 2019లో ఎయిర్ ఇండియా వాడడం మొదలుపెట్టిన టాక్సీబాట్ కూడా ముందు చక్రాన్ని పట్టుకునేదే. కానీ నెట్టడం అయ్యాక పైలటే దాన్ని కాక్‌పిట్ నుంచి నడుపుతాడు, ఇంజిన్లు వేయకుండానే రన్‌వే దగ్గరి దాకా పోవచ్చు. ముచ్చటైన ఆలోచనే. మా ఉద్యోగం సంగతి వేరే మాట.

నన్నడిగితే, రోజూ హ్యాంగర్ లాగుళ్లు, రకరకాల విమానాలు ఉన్నచోట ఇది కొనాల్సిందే. ఒకే రకం విమానాన్ని బే నుంచి నెట్టడమే పనైతే పాత టగ్, మంచి బార్ చాలు, మరమ్మతు ఖర్చూ తక్కువ. దీన్ని కొన్నా పాతదాన్ని అమ్మకండి, మేం అమ్మలేదు. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటి రోజు చేతి పంపు ఎక్కడుందో చూపించి, దానితో గేటు తెరిపిస్తాను. స్టీరింగ్ రెండో రోజు.