ప్రెసిషన్‌లో 2 డైమండ్స్ ఓపెనింగ్: ఎనిమిదేళ్లు ఆడాక
బ్రిడ్జ్ పేకాటలో ప్రెసిషన్ అనే బిడ్డింగ్ పద్ధతి ఒకటి ఉంది, అందులో 2 డైమండ్స్ అని వేలం మొదలెడితే అర్థం ఇదీ: 11 నుంచి 15 పాయింట్లు (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1), డైమండ్స్‌లో ఒకే ముక్క లేదా అదీ లేదు, మిగతా మూడు రంగులూ నిండుగా. ప్రెసిషన్ ఆడేవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. మా బావా నేనూ ఎనిమిదేళ్లుగా ఇదే ఆడుతున్నాం, నాకు ఇప్పటికీ ఇష్టమే. 4-4-1-4 (స్పేడ్స్, హార్ట్స్, డైమండ్స్, క్లబ్స్ వరసలో) చెయ్యికి ఈ పద్ధతిలో ఇంకెక్కడా సరైన చోటు లేదు మరి: 1 క్లబ్ అనడానికి 16 ఉండాలి, మేజర్‌కి, అంటే స్పేడ్స్‌కో హార్ట్స్‌కో, అయిదు ముక్కలు ఉండాలి, 2 క్లబ్స్‌కీ అంతే, పోనీ ఒంటి డైమండ్ పెట్టుకుని 1 డైమండ్ అందామంటే నాకు నోరు రాదు. ఒక్క మాటతో చెయ్యంతా బావ ముందు పరిచేసినట్టు ఉంటుంది.

అయితే వినేది బావ ఒక్కడే కాదని పోయిన సంక్రాంతి ముందు తెలిసింది. పెయిర్స్ ఆట, అంటే అవే చేతులు అన్ని టేబుళ్లలో ఆడి ఫలితాలు పోల్చే పోటీ. స్పేడ్స్‌లో ఆసు జాకీతో నాలుగు, హార్ట్స్‌లో రాజు రాణితో నాలుగు, డైమండ్ ఆరు, క్లబ్స్‌లో రాజు జాకీతో నాలుగు, మొత్తం 14. నేను 2 డైమండ్స్ అన్నాను, బావ 2 నో ట్రంప్ అని నా చెయ్యి వివరం అడిగాడు, 14 గానీ ఆపైన గానీ అని చెప్పడానికి మా ఒప్పందం ప్రకారం 3 స్పేడ్స్ అన్నాను, ఆయన 4 స్పేడ్స్. స్పేడ్స్ అన్న మాట ముందు నా నోటి నుంచే వచ్చింది కాబట్టి ఆడాల్సింది నేనే. ఎడమవైపు పెద్దాయన బిడ్ల అర్థం అడిగారు, బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి చిన్న స్పేడ్ లీడ్ చేశారు.

నాకు గుండె జారిపోయింది. డమ్మీలో, అంటే టేబుల్ మీద పరిచిన బావ చేతిలో, పనికిరాని డైమండ్స్ అయిదు, వాటిని నా తురుపులతో కోయాలనే నా ప్లాన్ అంతా. డైమండ్ వదిలాను, పట్టుకుని మళ్లీ తురుపే వేశారు. క్లబ్ ఆసుతో దిగి మూడోసారీ తురుపే. 10 ట్రిక్కులు చేసి కాంట్రాక్ట్ నిలబెట్టాను గానీ, ప్రెసిషన్ కాకుండా మామూలు పద్ధతిలో 1 క్లబ్‌తో మొదలెట్టిన టేబుళ్లలో నాకు ఒంటి డైమండ్ అని ఎవరికీ తెలియదు, తురుపు లీడ్ రాలేదు, 11 వచ్చాయి. షీట్‌లో మేం అడుగున.

ఇంకోటి, 4-4-4-1 ఆకారమే వంద చేతుల్లో సుమారు 3 సార్లు వస్తుంది, అందులో ఒంటిది డైమండే కావడం నాలుగో వంతు, ఆపైన పాయింట్లూ కుదరాలి. 24 బోర్డులు ఆడిన సాయంత్రం ఒక్కసారీ రాకపోవచ్చు. దీనికోసం వీక్ 2 డైమండ్స్ (పాయింట్లు తక్కువై డైమండ్స్ పొడుగ్గా ఉన్న చెయ్యికి వాడే బిడ్) వదులుకున్నాం, అది మాత్రం తరచూ గుర్తొస్తుంది.

ఒకే పార్ట్‌నర్‌తో ఏళ్ల తరబడి ఆడుతున్నాం కాబట్టి మాకు కుదిరింది. ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లతో అయితే నేను వాడను, వీక్ టూ అనుకుని పాస్ చేసేస్తారు. మేం ఒక్కటి మార్చుకున్నాం: స్లామ్ (12 లేదా 13 ట్రిక్కుల) ఆశ లేనప్పుడు, మేజర్ ఫిట్ (ఇద్దరికీ కలిపి చాలినన్ని ముక్కలు) కనిపిస్తే బావ ఏమీ అడగకుండా నేరుగా 4కి వెళ్తాడు. డైమండ్ సంగతి ఎలాగూ దాగదు, నా పాయింట్లయినా దాగుతాయి, ఆటా ఆయన చేతికే వెళ్తుంది.