కిల్‌పెక్ చర్చి: తలుపు దగ్గరే గంట గడిచిపోయింది

ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్ ఊరికి వెళ్లినవాళ్లు చాలామంది కెథెడ్రల్ చూసి, అందులో 1300 ప్రాంతంలో తోలు మీద గీసిన ప్రపంచ పటం మప్పా ముండీ చూసి వెనక్కి వచ్చేస్తారు. మేమూ రెండు రాత్రుల ట్రిప్‌లో దగ్గర్లోని కిల్‌పెక్ చర్చికి ఒక పూటే పెట్టుకున్నాం. అది తక్కువైంది.

హెరెఫర్డ్‌కి నైరుతి దిక్కున 14 కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య చిన్న పల్లె. చర్చి కూడా చిన్నదే. జనం కూర్చునే భాగం, దాని వెనక పాదిరి నిలబడే భాగం, చివర అర్ధచంద్రాకారపు గది, అంతే. ఈ ఊరి దొర హ్యూ 1134లో చర్చిని గ్లౌస్టర్ మఠానికి రాసిచ్చాడు, ఇప్పుడున్న ఎర్ర ఇసుకరాతి కట్టడం 1140 ప్రాంతంలో లేచింది. ఈశాన్య మూలలో మాత్రం రాళ్లు వేరే తీరుగా పేర్చి ఉంటాయి, ఆ ముక్క నార్మన్లు (1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచినవాళ్లు) రాకముందుదని చెబుతారు.

దక్షిణం వైపు తలుపు ముందు నిలబడ్డాక ఇక కాలు కదల్లేదు. తలుపు పైన అర్ధవృత్తంలో ఒక చెట్టు, దాని చుట్టూ కమానులో వింత జంతువులు, పక్షి ముక్కులు, చేపలు. ఎడమ స్తంభం మీద తీగల్లో చిక్కుకున్నట్టు ఇద్దరు యోధులు, ఒకరి మీద ఒకరు. పక్కన నిలువునా పాములు. మా అత్తయ్య కళ్లజోడు సర్దుకుని దగ్గరికెళ్లి, "చూడమ్మా, ఒక పాము తోకని ఇంకో పాము మింగుతోంది" అనేదాకా నాకు అవి వట్టి అల్లికలే అనిపించాయి.

తర్వాత చూరు కింద చూడండి. గోడ చుట్టూ వరసగా 85 చిన్న శిల్పాలు మిగిలి ఉన్నాయి. కుక్కా కుందేలూ పక్కపక్కనే ముఖాలు పెట్టుకున్న బొమ్మ పిల్లలకి బాగా నచ్చుతుంది. షీలా నా గిగ్ అనే నగ్న స్త్రీ బొమ్మ కూడా వీటిలోనే ఉంది, చర్చి గోడ మీద అదేంటని పిల్లలు అడగొచ్చు, సిద్ధంగా ఉండండి. లోపల పెద్ద కమానుకి రెండు వైపులా ముగ్గురేసి సాధువులు నిలబడి ఉంటారు, తాళంచెవి పట్టుకున్నది సెయింట్ పీటర్. టికెట్ లేదు, హుండీలో తోచింది వేయండి. పడమర వైపు పాత కోట దిబ్బ ఉంది, మట్టి జారుతుంది కాబట్టి మంచి బూట్లు వేసుకోండి.

బసకి హెరెఫర్డ్ ఊళ్లోనే ఉండటం మంచిది, అక్కడికి బర్మింగ్‌హామ్ నుంచి నేరుగా రైలు ఉంది. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో మంచాలు బాగున్నాయి, శాకాహారమని ముందే చెబితే పొద్దున పుట్టగొడుగులు, టమాటాలు వేడిగా వేయించి పెట్టారు. కానీ గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేటప్పుడే అడగండి, మేం అడగలేదు, రెండు రోజులూ అత్తయ్య మోకాళ్లు పట్టుకునే ఎక్కారు.

అసలు ఇబ్బంది టాక్సీతో వచ్చింది. తిరుగు ప్రయాణానికి నాలుగింటికి రమ్మంటే నలభై నిమిషాలు ఆలస్యం, నా ఫోన్‌కి సిగ్నల్ లేదు, రైలు తప్పిపోతుందేమోనని టెన్షన్. సొంత కారు ఉంటే మాత్రం అబీ డోర్ మఠాన్ని కూడా కలుపుకోవచ్చు, దగ్గరే.

ఆ నలభై నిమిషాల్లో అత్తయ్యని బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ తలుపు దగ్గరికే వెళ్లాను. మధ్యాహ్నం ఎండ సూటిగా పడి చదునుగా కనిపించిన రాయి, ఇప్పుడు ఏటవాలు వెలుగులో గీత గీతా విడివిడిగా తేలింది. యోధుల లాగుల మీద ముడతలు కూడా కనబడ్డాయి, మొదట చూసినప్పుడు అవి ఉన్నాయనే తెలియలేదు. మీరు వెళ్తే మూడు దాటాక వెళ్లండి.