ఇంట్లో బిగించిన ఎయిర్ రైఫిల్ కొనబోయే తల్లిదండ్రులకు హెచ్చరిక

హనుమకొండ, కాజీపేట ప్రాంతంలో పిల్లలకు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పిస్తున్న వారందరూ దయచేసి ఇది చదవండి. విడిభాగాలు తెప్పించి ఇంట్లోనే రైఫిళ్లు బిగించి అమ్మే ఆ మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. కంపెనీ పీసీపీ రైఫిల్‌కు (సిలిండర్‌లో ముందే గాలి నింపి కాల్చేది) లక్షలు పోయాలని, అంతే నమ్మకంగా పనిచేసేదాన్ని 55,000 రూపాయలకే ఇస్తానని అతడు చెబితే నమ్మి మా అమ్మాయి కోసం పోయిన నెల కొన్నాను.

రెండో వారానికే తేడా తెలిసింది. మొదటి 20 పెల్లెట్లు (చిన్న గుళ్లు) ఒకచోటే పడేవి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా కిందికి దిగేవి. 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉండే ఆటలో, 60 షాట్ల పోటీకి ఇది ఎలా పనికొస్తుంది? రాత్రి సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి వరకు నింపి పెట్టిన గాలి తెల్లారేసరికి 140కి పడిపోయేది.

మొన్న అమ్మాయిని వెంటబెట్టుకొని అతడి ఇంటికి వెళ్లాను. రైఫిల్‌ను కనీసం చేతిలోకి తీసుకోకుండానే, "తప్పు తుపాకిల లేదక్కా, మీ బిడ్డ చేతులల్ల ఉన్నది" అన్నాడు. పదమూడేళ్ల పిల్ల ముందే అన్నాడు. అది తల దించుకొని, రైఫిల్ సంచి జిప్పును తీస్తూ వేస్తూ నిలబడింది. అతడికి అక్కడే గట్టిగా బదులు చెప్పకుండా, ఒక్క క్షణమైనా బిడ్డనే అనుమానించినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మర్నాడు కోచ్ గారు రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచుల మధ్య కదలకుండా పెట్టి తానే కాల్చి చూశారు. ఆయనకూ పెల్లెట్లు అలాగే కిందికి దిగాయి. ప్రతి షాట్‌కూ గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచాల్సిన రెగ్యులేటర్ సరిగా పనిచేయక, గాలి తగ్గేకొద్దీ పెల్లెట్ వేగం కూడా తగ్గుతోందని చెప్పారు. తర్వాత సిలిండర్‌ను విప్పి వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "దీని మీద తేదీ ఎక్కడమ్మా?" అని అడిగారు. నున్నగా రుద్ది నల్ల రంగు వేసిన ఆ గొట్టం మీద ఒక్క అంకె కూడా లేదు. పేరున్న కంపెనీల మ్యాచ్ రైఫిళ్ల సిలిండర్‌పై తయారీ తేదీ చెక్కి ఉంటుంది, దాని వాడకానికి సాధారణంగా 10 ఏళ్ల గడువు ఉంటుంది, గడువు దాటకుండా చూసుకునే బాధ్యతను అంతర్జాతీయ షూటింగ్ నిబంధనలు షూటర్ మీదే పెట్టాయి. కారు టైరులో ఉండేదానికి దాదాపు 100 రెట్ల ఒత్తిడితో నిండిన ఆ గొట్టానికి బెత్తెడు దూరంలో నా బిడ్డ ఎడమ చేయి నెల రోజులు ఉంది.

కొనేవారు డబ్బు ఇచ్చే ముందు సిలిండర్‌పై తేదీని, రైఫిల్ నంబరుతో వచ్చే టెస్ట్ కార్డును (కంపెనీలో కాల్చి చూసిన కాగితం) చూడండి, గాలి నింపి ఒక రాత్రి ఉంచి ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడుందో గమనించండి. 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి, వీటిలో ఏది దాటినా లైసెన్సు కావాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

నా డబ్బు ఇంకా తిరిగి రాలేదు. గాలి తీసేసిన ఆ సిలిండర్ మా బీరువాలో ఉంది, దాన్ని మాత్రం ఎంత తక్కువకైనా ఇంకొకరికి అమ్మను.