ఫ్రేము గట్టిది, అక్షరాలే తిరగబడ్డాయి

అమ్మ మల్కాజిగిరిలో మా ఇంటి ముందుగదిలోనే ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టింది. ఈమధ్యే మోకాళ్ల నొప్పులకి మిషను ఆపేసింది. అరవయ్యో పుట్టినరోజుకి ‘ఎషెత్ ఖయిల్’ అని హీబ్రూలో రాయించి ఇద్దామనుకున్నా. సామెతలు 31:10లో మన బైబిలు ‘గుణవతియైన భార్య’ అంటుందే, ఆ మాట. ‘ఖ’ మాత్రం ఖుబానీ కా మీఠాలో లాగా గొంతులోంచి రావాలట.

సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర సందులో ఫ్రేముల షాపు. 12కి 18 అంగుళాలు, టేకు చట్రం, గ్లాసుతో కలిపి 950 రూపాయలు. చెప్పిన రోజుకే ఇచ్చారు. ఫోటో పంపగానే బైబిలు కాలేజీలో హీబ్రూ చదివిన మా బావ ఫోన్ చేశాడు: మొత్తం తిరగబడింది! హీబ్రూ కుడి నుంచి ఎడమకి చదవాలి. వీళ్ల కంప్యూటర్ ఎడమ నుంచి పేర్చేసింది. మొదటి అక్షరం ఆలెఫ్ ఉండాల్సిన చోట చివరి అక్షరం లామెద్ కూర్చుంది. ‘ఎవరు చదువుతారక్కా?’ అన్నాడు షాపతను. ఒళ్లు మండింది. కానీ రెండు రోజుల్లో పైసా తీసుకోకుండా మళ్లీ వేసిచ్చాడు, అది ఒప్పుకోవాలి.

అసలు పేచీ కింది తెలుగు లైను దగ్గర. అతని దగ్గర ‘గుణవతి’ అని రెడీగా ఉంది. నాకది వద్దు. ఖయిల్ అంటే బలం, సత్తా, ఆస్తి, సైన్యం కూడా. ఎర్రసముద్రంలో మునిగిన ఐగుప్తు రాజు ఫరో సేన ఖయిలే. దేవదూత బైబిలు వీరుడు గిద్యోనుని ‘పరాక్రమముగల బలాఢ్యుడా’ అన్నప్పుడూ ఉన్నది ఈ మాటే. బైబిల్లోని రూతు గ్రంథంలో, రూతుని పెళ్లాడిన బోయజుకి వాడితే మనవాళ్లు ‘ఆస్తిపరుడు’ అన్నారు, రూతుకి వాడితే ‘యోగ్యురాలు’. సామెతలు 31:29కి వచ్చేసరికి ఏకంగా ‘పతివ్రతాధర్మము’! మగాడికి కండలు, ఆడదానికి గుణం. సామెతల్లోని ఆ అధ్యాయంలో ఆ భార్య చేసేదేమో బట్టలు తయారుచేసి అమ్మడం, పొలం కొనడం. పదిహేడో వచనంలో నడుము బిగించేది కూడా ‘ఓజ్’తో, అంటే బలంతోనే.

‘బలాఢ్యురాలు’ అని వేయమన్నా. ‘అట్ల ఎవరూ వేయించుకోరక్కా’ అన్నాడు, అయినా వేశాడు. అక్షరాలు చక్కగా వచ్చాయి.

అమ్మ ఫ్రేము చేతికివ్వగానే వెనక్కి తిప్పి చూసి, కొక్కెం లూజుగా ఉందంది. నిజమే. ఈ షాపు రివ్యూలో ఒక స్టార్ అందుకే తగ్గించా.