సఖి సెంటర్‌కి (ఇంట్లో హింస పడే ఆడవాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ సెంటర్) వెళ్ళొచ్చాం, 5కి 4 ఇస్తా

ఏ ఊరి సెంటరో చెప్పను, నేను తీసుకెళ్ళిన పక్కింటి అక్క వాళ్ళాయన కూడా ఫేస్‌బుక్‌లోనే ఉంటాడు. మూడు నెలల కింద రాత్రి పదకొండింటికి పక్కింటి అక్క ఇద్దరు పిల్లల్ని పట్టుకుని మా తలుపు కొట్టింది, ముందు పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తే "పొద్దున ఆయన్నీ తీసుకురండమ్మా, కూర్చోబెట్టి మాట్లాడదాం" అన్నారు, చెవి దగ్గర రక్తం కారుతుంటే మాట్లాడేదేంటో నాకైతే అర్థం కాలే. బయటికొచ్చి నా ఫోన్ నుంచి ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 కొట్టా (అక్క ఫోన్ ఆయన రోజూ చెక్ చేస్తాడు, ఇది గుర్తుపెట్టుకోండి). ఎత్తినామె ఎందుకు కొట్టాడు, నువ్వేమన్నావ్ లాంటివేం అడగలే, ఆయన ఇప్పుడెక్కడున్నాడు, పిల్లలు మీ దగ్గరే ఉన్నారా అని అడిగి సెంటర్ అడ్రస్ చెప్పింది.

అక్కడికెళ్ళాక ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళి చెవి చూపించి, దెబ్బలన్నీ డాక్టర్‌తో రాయించారు, తర్వాత టీ, పిల్లలకి బిస్కెట్లు, "కేసు సంగతి పొద్దున చూద్దాం, పడుకోమ్మా" అన్నారు. నేను ఇస్తున్న 4లో సగం ఆ మాటకే.

అక్కకి అసలు భయం ఇల్లు గురించి, అత్తగారి పేరు మీదుంది కదా నాకేం హక్కు అని. లాయరమ్మ చెప్పింది, 2005 గృహ హింస చట్టం ప్రకారం కాపురమున్న ఇంట్లోంచి ఊరికే గెంటేయడానికి లేదు, ఇల్లు అత్తమామల పేరు మీదున్నా సరే ఆ హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు కూడా అన్నది అని. అది విన్నాకే అక్క రెండు ముద్దలు తిన్నది. లాయర్ ఫీజు కూడా లేదు, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఫ్రీ.

ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానంటే, జరిగిందంతా కౌన్సిలర్‌కోసారి, లాయర్‌కోసారి, రిపోర్ట్ రాసేవాళ్ళకోసారి చెప్పించారు, మూడోసారికి అక్క నోట మాట రాలేదు, ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చదువుకోవచ్చుగా. పైగా ఉండనిచ్చేది 5 రోజులే, ఆ తర్వాత ఆడవాళ్ళు ఉండే హోమ్‌కి పంపిస్తామన్నారు, అక్క వద్దని పుట్టింటికెళ్ళింది. కేసు 60 రోజుల్లో తేల్చేలా చూడాలని చట్టంలో ఉందట, మాకు వాయిదాలే నడుస్తున్నాయి.

181కి ఏ టైంలో అయినా చేయొచ్చు. కాగితాలు మాత్రం జిరాక్స్ తీసి వేరే ఇంట్లో పెట్టండి, అక్కవి మా బియ్యం డబ్బాలో ఉన్నాయి.