ఓడలో బఫేనా, బల్ల దగ్గర వడ్డనా, గోపాల్‌పూర్‌లో సొంత పొయ్యా? గోధుమ పడని మనిషికి ఏది మేలు

"వదినా, ఈసారి అందరం ఓడలో వెళ్దాం. అమ్మా నాన్నల నలభయ్యో పెళ్లిరోజు కదా" అని మా ఆడపడుచు ఫోన్ చేసింది. అందరికీ సముద్రం కళ్ళ ముందు మెదిలి ఉంటుంది. నాకు మాత్రం ఓడ వంటశాలలో గరిటెలు మెదిలాయి. ఏ గరిటె దేంట్లో పెట్టి, మళ్ళీ దేంట్లో పెడతారో అని.

నాకు సీలియాక్ ఉంది. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్తే నా ఒంటి రక్షణ వ్యవస్థ నా చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపలి గోడ మీద కుచ్చుల్లా ఉండే భాగాలు అరిగిపోతాయి, తిన్నది ఒంటికి పట్టదు. మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. "రొట్టె మానేస్తే రోగం ఎలా తగ్గుతుందమ్మా?" అని మా అత్తగారు మొదట్లో నమ్మలేదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో హాలండ్‌లో కరువొచ్చి రొట్టె దొరక్కపోతే ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారనీ, అది గమనించిన డికె అనే పిల్లల డాక్టరు గోధుమకీ రోగానికీ ఉన్న ముడి పట్టుకున్నాడనీ చెప్పాక కాస్త మెత్తబడ్డారు.

ఒడిశా గంజాం జిల్లాలో ఉన్న మా బరంపురంలో ఈ పేరే ఎవరికీ తెలియదు. ఇది గోధుమ తినే ఉత్తరాది వాళ్ళ రోగం, అన్నం తినే మనకెందుకొస్తుంది అనుకుంటారు. మన వైపు తక్కువే, నిజమే. తక్కువ కాబట్టే నాకు నాలుగేళ్ళపాటు రక్తహీనత అని ఐరన్ మాత్రలు మింగించారు. ఎవరికైనా అనుమానం ఉంటే ఒక్క మాట: పరీక్షకి ముందే గోధుమ మానకండి. తింటూ ఉంటేనే రక్తపరీక్షలో గానీ ఎండోస్కోపీలో గానీ సరిగ్గా తెలుస్తుంది.

మాలాంటి వాళ్ళకి సెలవులు గడపడానికి నాకు తెలిసిన దారులు మూడు. ఒకటి, మన దేశపు రేవు నుంచి బయలుదేరే ఓడలో బఫే తిండి. రెండు, విదేశీ ఓడలో బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించే భోజనం. మూడు, ఓడ మాటే మానేసి బరంపురం పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్‌లో వంటగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకోవడం. మూడూ చేసి చూశాను.

బఫే సంగతి ముందు, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. అంతంత పొడుగు బల్లలు, అరవై రకాలు. అన్నం ఉంది, పప్పు ఉంది, చేపలున్నాయి, గంజాం మనిషికి ఇంకేం కావాలి అనుకున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు, ఆ తప్పు నాదే. కాసేపు నిలబడి చూస్తే తెలిసింది. నూడుల్స్ తీసిన పట్టకారుతోనే ఒకాయన సలాడ్ తీసుకున్నాడు. పులావు గరిటె పక్కనున్న ఉప్మాలో తేలింది. దోసెల పెనం మీద రవ్వదోసె వేసి, దాన్నే తుడిచి మామూలు దోసె వేస్తున్నారు. పూరీలు వేగిన నూనెలోనే అప్పడాలు.

ఇంత చిన్న విషయానికి ఇంత గోలా అని మా ఆయనే అన్నారు ఒకప్పుడు. లెక్క చెబితే ఊరుకున్నారు. గ్లూటెన్ లేదని డబ్బా మీద రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలోనూ నిబంధన ఉంది. రోజుకి 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు లోపలికి వెళ్తే పేగు దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ఒక బ్రెడ్ ముక్కలో రెండు గ్రాముల పైనే ఉంటుంది. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు పొడి చాలు. పైగా తేడా చేసిందని ఒళ్ళు ప్రతిసారీ చెప్పదు. నొప్పి లేకపోయినా లోపల అరుగుతూనే ఉంటుంది.

సరే, ఉపాయం తట్టింది. ఒక మూల జైనుల కౌంటరు ఉంది. రద్దీ లేదు, గిన్నెలు వేరు, గరిటెలు వేరు. రెండు పూటలు అక్కడే అన్నం, పప్పు, అరటికాయ కూర తిన్నాను. రెండో రాత్రి కడుపులో మెలిపెట్టడం మొదలైంది. సముద్రం తిప్పుడు అనుకున్నారు అందరూ. నాకు ఆ నొప్పి తెలుసు.

మర్నాడు పళ్ళాలు తీస్తున్న కుర్రాడు ఎవరితోనో ఫోన్లో ఒడియాలో మాట్లాడుతుంటే విని పలకరించాను. మా జిల్లాలోని అస్కా వాడు. నా ఇంగ్లీషు కంటే నా ఒడియా నయం. "గహమ నాకు విషం బాబూ" అని చెప్పాను, గహమ అంటే గోధుమ. మెనూ కార్డులు, ఎలర్జీ గుర్తులు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. లోపలికెళ్ళి ఇంగువ డబ్బా పట్టుకొచ్చాడు. పదార్థాల వరసలో గోధుమ పిండి! ఉల్లి, వెల్లుల్లి లేని వంటకి ఘాటు కావాలని జైన కూరల్లో ఇంగువ ఇంకాస్త ఎక్కువే వేస్తారు. నేను రక్షణ అనుకుని వెళ్ళింది సరిగ్గా అక్కడికే. బజారులో దొరికే ఇంగువ పొడి చాలావరకు మైదాతోనో, గోధుమ పిండితోనో కలిపిందే. బియ్యప్పిండి కలిపినవీ ఉంటాయి గానీ డబ్బా చదివి ఏరుకోవాలి. సాంబారు, రసం, పచ్చళ్ళు, అప్పడాలు, అన్నిట్లోనూ ఈ గొడవే.

ఆ తర్వాత రెండు రోజులూ ఆ కుర్రాడు వంటశాల నుంచే నాకు వేరే పళ్ళెం తెచ్చేవాడు. కొత్తగా తీసిన అన్నం, రేకు కాగితం మీద కాల్చిన చేప, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపండ్లు. అరవై రకాల మధ్య నాలుగే. నిశ్చింతగా తిన్నాను. కానీ అతని డ్యూటీ మారిన పూట పస్తే. అదృష్టం మీద నడిచే ఏర్పాటు అది.

రెండో రకం. మా తమ్ముడు సింగపూర్‌లో ఉంటాడు. అక్కడి నుంచి పినాంగ్, ఫుకెట్ వెళ్ళే విదేశీ ఓడలో నాలుగు రాత్రులు. ఈసారి బుద్ధొచ్చి రెండు నెలల ముందే కంపెనీకి మెయిల్ పెట్టాను. ఇలాంటి ఓడల్లో చాలావరకు పద్ధతి ఒకటే: ముందే తెలియజేయాలి, ఎక్కిన రోజు డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని కలవాలి, ఆయన ప్రతి రాత్రీ మర్నాటి మెనూ తెచ్చి చూపిస్తాడు, అందులో నాకు ఏవి మార్చి చేయాలో రాసుకుంటాడు. వంట వేరుగా జరుగుతుంది, పళ్ళెం వేరుగా వస్తుంది. సీలియాక్ ఎలర్జీ కాదు గానీ నేను "ఎలర్జీ" అనే చెప్పాను. ఆ మాటకే వంటశాల కదులుతుంది. డాక్టరు భాష మాట్లాడితే "కొంచెం అయితే పర్లేదా?" అని అడుగుతారు.

ఇక్కడా వంటశాల ఒకటే కాబట్టి పూర్తి హామీ ఇవ్వలేమని కాగితం మీద రాసే ఇస్తారు. ఆ కాగితం చూసి టెన్షన్ పడ్డాను గానీ, హామీ ఇస్తామని ఊరికే తల ఊపేవాళ్ళ కంటే వీళ్ళే నయమనిపించింది. రుచి గురించి అడగొద్దు. వాళ్ళిచ్చిన గ్లూటెన్ లేని రొట్టె మా పెరట్లో రుబ్బురోలు పక్కన పెడితే తేడా తెలియదు.

ఓడ దిగినప్పుడే అసలు పరీక్ష. పినాంగ్‌లో వీధి వంటకం ఒకటుంది, వెడల్పాటి బియ్యపు నూడుల్స్ వేయించి ఇస్తారు. బియ్యమే కదా అని చెయ్యి చాపబోయాను. అందులో పోసే సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. అన్నం తినే ఊరివాళ్ళం బియ్యం పేరు వినగానే జాగ్రత్త వదిలేస్తాం. దిగిన రోజుల్లో పండ్లు, కొబ్బరిబోండాలతో గడిపి సాయంత్రం ఓడెక్కాక తిన్నాను.

ఖర్చు మాత్రం మొదటి ఓడకి మూడింతలు పడింది. ఇందులో సగం తమ్ముడు పెట్టుకున్నాడు కాబట్టి నేను ఇంత తీరిగ్గా మెచ్చుకుంటున్నానేమో.

మూడోది గోపాల్‌పూర్. బరంపురం నుంచి బస్సెక్కితే కునుకు పట్టేలోపే వస్తుంది. మూకుడు, గరిటెలు, మిక్సీ ఇంటి నుంచే మోసుకెళ్ళాను. అద్దె ఇంటి చెక్కగరిటెకి, చపాతీ పెనానికి పాత పిండి ఎంత అంటుకుందో ఎవరికి తెలుసు? పొద్దున్నే పడవలు ఒడ్డుకి రాగానే చేపలు బేరమాడొచ్చు. అక్కడి జాలరులది మన తెలుగే. కూర, చారు, చోడి (రాగి) అంబలి, చకులి పిఠా అనే ఒడియా అట్టు, అన్నీ బియ్యం, మినుములు, చోళ్ళతోనే అయిపోతాయి. చోడిపిండి మాత్రం మిల్లులో పట్టించను, గోధుమలు ఆడించిన రాళ్ళలోనే అవీ ఆడతాయి. మిక్సీలో కొట్టుకుంటాను. మామయ్యగారు ప్రేమగా తెచ్చిన ఛెనాపోడ, అంటే కాల్చిన పన్నీరు మిఠాయి, ఒక్కటే ముట్టుకోలేకపోయాను, చాలామంది అందులో సూజీ (గోధుమ రవ్వ) కలుపుతారు.

మూడింటిలో పేగుకి మేలు చేసేది ఇదే, అనుమానం లేదు. కానీ నాలుగు రోజులూ పొయ్యి దగ్గర నిలబడింది నేను. సముద్రపు హోరు వంటింటి కిటికీలోంచి విన్నాను. దాన్ని సెలవు అనడానికి నాకు నోరు రాదు.

ఇంటి నుంచి తిండి కట్టుకుని ఓడెక్కితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. సీలు చేసిన పొట్లాలకి చాలా ఓడల్లో ఒప్పుకుంటారు గానీ ఇంట్లో వండినవి రానివ్వరు. అగ్గి భయంతో రైస్ కుక్కర్, కెటిల్ లాంటివి ఎక్కనివ్వరు. అటుకులు, వేయించిన వేరుశెనగలు, బెల్లం సీలున్న ప్యాకెట్లు సంచిలో ఉంటే ఒక పూట గండం గడుస్తుంది, అంతే. అన్నట్టు, డైనింగ్ హాలు గుమ్మం దగ్గర చేతుల మీద చల్లే శానిటైజర్‌ని నమ్ముకోకండి. అది క్రిముల్ని చంపుతుంది, పిండిని కడగదు. సబ్బు, నీళ్ళే కావాలి.

నన్నడిగితే కొత్తగా రోగం బయటపడినవాళ్ళు, రక్తపరీక్షలో అంకెలు ఇంకా దిగనివాళ్ళు మొదటి ఏడాది గోపాల్‌పూర్ లాంటి చోటుకే వెళ్ళాలి. పిల్లలకి జబ్బుంటే మరీను, ఎందుకంటే బఫే ముందు పిల్లాడి చెయ్యి ఆపడం ఎవరి వల్లా కాదు. ఒంటి తీరు, అడిగే తీరు రెండూ అలవాటైనవాళ్ళకి ఓడ ఫర్వాలేదు, బల్ల దగ్గర వడ్డించేదైతేనే. నా పళ్ళెం ఎవరి చేతి మీదుగా వస్తోందో ఆ మనిషి మొహం నాకు తెలియాలి. మన రేవు ఓడలోనైనా అలాంటి మనిషిని ముందే ఏర్పాటు చేస్తామంటే నాకు సింగపూర్ దాకా పోయే పని లేదు.

ఆడపడుచు చూసిన ఓడలో డైనింగ్ హాలు ఉందట. నిన్న రాత్రి వాళ్ళకి మెయిల్ పెట్టాను. మొదటి ప్రశ్న, మీరు పప్పులో వాడే ఇంగువ డబ్బా వెనకవైపు ఫోటో పంపగలరా అని. జవాబొచ్చేదాకా అడ్వాన్సు కట్టొద్దని ఆడపడుచుకి గట్టిగా చెప్పాను.